"వ్యెన్ లా న్వీ": రానీ రాత్రా, వచ్చుగాక రాత్రా?

సున్నుండ:
ఒక లైను పది రోజులుగా బుర్ర తినేస్తోందండీ. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి తీసుకున్నా (మార్కుల కోసమే, తెలుగు వదిలేశానని తిట్టకండి), అప్పుడు మేడం పాడినట్టు చదివేవారు, "వియెన్ లా న్వీ సొన్ లెర్" అని, తర్వాత "లే జూర్" ఏదో వెళ్ళిపోతాయి, నేను ఉండిపోతా అని వస్తుంది. ఫ్రెంచి కవి అపొలినేర్ పారిస్‌లోని మిరబో వంతెన మీద రాసిన పద్యం. ఇన్నేళ్ళూ నేను దాన్ని "వియన్నా రాత్రి, గంట కొడుతోంది" అనుకుంటున్నా, ఫ్రెంచిలో ఆ ఊరి స్పెల్లింగు అచ్చం అదే కదా మరి. ఇప్పుడు బీ1 (మధ్యస్థాయి ఫ్రెంచి) పరీక్షకి చదువుతుంటే సబ్జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం) పట్టికలో అదే మాట కనపడి గతుక్కుమన్నా. ఊరు కాదు, "వచ్చు" క్రియ! సరే, అది సబ్జంక్టివ్. మరి పక్కనున్న "సొన్" (మోగు)? అదీ సబ్జంక్టివేనా, మామూలు వర్తమానమా? రాతలోనూ పలుకులోనూ రెండూ ఒకటేగా. తెలుగులో ఏమని చెప్పుకోవాలి?

గోదారిగట్టు:
వియన్నా రాత్రి బ్రహ్మాండంగా ఉంది, ఆ పేరుతో ఒక సీరియల్ రాసెయ్యొచ్చు. రెండూ సబ్జంక్టివే లెండి, అందులో అనుమానమేముంది. తెలుగులో నాకైతే ఒక్కటే మాట, "రానీ". రానీ రాత్రి, మోగనీ గంట. శ్రీశ్రీ "రానీ రానీ వస్తే రానీ" అంటాడే, అచ్చం ఆ రానీ. అన్నట్టు సర్రియలిజం అనే మాట 1917లో పుట్టించింది ఈ అపొలినేరే, మన శ్రీశ్రీకి ఆ సర్రియలిజం మీద ఎంత మోజో అందరికీ తెలుసు, చుట్టరికం ఎక్కడికి పోతుంది.

పాతనిఘంటువు:
శ్రీశ్రీ దిగాడు, ఇక అసలు ప్రశ్న గోవిందా. గట్టుగారూ, "రానీ"లో ఉన్న "నీ" ఇచ్చుటలోంచి వచ్చింది, రాన్ + ఇమ్ము, రానిమ్ము, రానీ. అంటే ఎదుట ఒకడున్నాడు, వాడితో "అడ్డు తప్పుకోరా" అంటున్నాం. ఈ ఫ్రెంచి పాదంలో ఎదుట ఎవరున్నారు? ఎవరూ లేరు, వంతెన మీద ఒంటరివాడు, కింద సేన్ నది. కర్త రాత్రి, ప్రథమపురుష. కాబట్టి "వచ్చుఁగాత" లేదా "వచ్చుఁగావుత". కావ్యభాషలా ఉందని మొహం చిట్లించకండి, ఫ్రెంచివాళ్ళకీ "క్య" (మన "అని" లాంటి మాట) లేకుండా మొదట్లోనే సబ్జంక్టివ్ పెట్టడం పాతవాసనే.

నడిరేయి:
అర్థం తర్వాత, ముందు ఆ పాదం సరిగ్గా రాయండి స్వామీ. "వియెన్" కాదు, "వ్యె-న". "సొన్" కాదు, "సొ-న". మాటల్లో చివరి "e" అక్షరం మింగేస్తారు గానీ పద్యంలో దాని తర్వాత హల్లు వస్తే అది ఒక అక్షరంగా లెక్క. వ్యె, న, లా, న్వీ, సొ, న, లెర్, ఏడు. లే, జూర్, సాఁ, వోఁ, జె, దె, మెర్, ఏడు. సున్నుండగారు రాసినట్టు చదివితే మొదటి పాదం కుంటుతుంది. మనవాళ్ళు కందంలో ఒక్క మాత్ర తగ్గితే కవిని ఉతికి ఆరేస్తారు, పరభాష అనేసరికి మాత్రం ఎలా పడితే అలా.

ఇక నా మాట, "సొన" సబ్జంక్టివ్ కాదు. అది మామూలు వర్తమానమే, క్రియ ముందుకొచ్చింది అంతే, కథ చెప్పేటప్పుడు "వచ్చింది చూడు ఆ రోజు" అన్నట్టు. "రాత్రి రానీ, అదిగో మోగుతోంది గంట". వారానికి రెండుసార్లు బస్సులో ఆ వంతెన దాటుతా నేను, పదిహేనో అరోందిస్మాఁ (పారిస్ వార్డు) నుంచి పదహారో దానికి. ఆకుపచ్చ ఇనుప వంతెన, పద్యం లేకపోతే ఎవడూ తలెత్తి చూడడు.

గోదారిగట్టు:
బస్సులో దాటితే వ్యాకరణం వచ్చేస్తుందా అన్నా? మా తాతగారు యానాంలో ఫ్రెంచి బడిలో చదివారు, 1954కి ముందు సంగతి. ఆయనకి చివరిదాకా మిగిలిన ఫ్రెంచి రెండే ముక్కలు, ఎక్కాలు, "వీవ్ లా ఫ్రాన్స్". ఆ "వీవ్" కూడా సబ్జంక్టివే, వర్ధిల్లుగాక అని. అంటే మా ఇంట్లో ఎవరికీ తెలీకుండానే రోజూ సబ్జంక్టివ్ వాడారు.

చుక్కలముగ్గు:
నేను ఈ ముక్క క్లాసులో ఏటా చెబుతా కాబట్టి ఆగలేకపోతున్నా. రూపాలు కట్టడం అందరికీ తెలిసిందే, "ఇల్" బహువచన (వాళ్ళు) రూపం తీసుకుని ఈఎన్‌టీ కోసేసి ఈ, ఈఎస్, ఈ, ఐఓఎన్‌ఎస్, ఐఈజెడ్, ఈఎన్‌టీ తగిలించడం. చిక్కంతా ఈఆర్ క్రియలతో (మూలరూపం చివర ఈఆర్ ఉండేవి). జె (నేను), త్యు (నువ్వు), ఇల్ (వాడు) దగ్గర సబ్జంక్టివ్ మారువేషంలో ఉంటుంది, "పర్ల్" (మాట్లాడు) ఎటు చూసినా "పర్ల్" అనే ఉంటుంది. ను (మేము), వు (మీరు) దగ్గర మాత్రం "పర్లియోఁ, పర్లియే" అని దొరికిపోతుంది, తీరా చూస్తే అది మళ్ళీ ఆంపర్‌ఫే (ఒక భూతకాల రూపం) వేషం. మిగతా రెండు గుంపులు పాపం నిజాయితీపరులు, "ఇల్ ఫిని" (ముగిస్తాడు) కాస్తా "కిల్ (క్య + ఇల్) ఫినిస్" అవుతుంది, "ఇల్ అతాఁ" (ఎదురుచూస్తాడు)లో నిద్రపోయే డీ లేచి "కిల్ అతాఁద్" అంటుంది. అందుకే పిల్లలకి చెప్తా, అనుమానమొస్తే ఈఆర్ క్రియ తీసి ఆ చోట ఫినీర్ (ముగించు) కూర్చోబెట్టి చూడండి, నోరు ఫిని అంటే మామూలుది, ఫినిస్ అంటే సబ్జంక్టివ్.

ఈ పద్యంలో ఆ పని కూడా అక్కర్లేదు, పక్కింటివాళ్ళే సాక్షులు. "సొన" నోరు విప్పదు, కానీ పక్కనున్న "వ్యెన" వేషం వేయలేని క్రియ, మామూలుదైతే "వ్యాఁ" అయ్యేది. ఒకే పాదం, ఒకే తూకం, ఒకే క్రమం, క్రియ ముందు కర్త వెనక. ఒకటి సబ్జంక్టివై రెండోది కాకపోవడం నాకైతే మింగుడుపడదు.

నడిరేయి:
తూకం ఒకటైతే క్రియారూపం ఒకటవ్వాలని రూలుందా అక్కా? కవి కదా, ఒకవైపు కోరిక, ఒకవైపు వాస్తవం పెట్టి ఉండొచ్చు.

గోదారిగట్టు:
అలాగైతే నేనింకో అడుగు ముందుకేస్తా. "జె దెమెర్" కూడా ఈఆర్ క్రియే, అదీ మారువేషమే. "రోజులు పోతున్నాయి, నేను ఉండిపోదును గాక"! ఇది ఎవరికైనా తట్టిందా?

చుక్కలముగ్గు:
తట్టకపోవడమే మంచిది. పక్కన "వోఁ" (పోతున్నాయి) ఉంది చూడండి, సబ్జంక్టివ్ అయితే "ఆయ్" కావాలి. అది మామూలు వర్తమానానికి సాక్షి, దాని జోడీ "దెమెర్". పైపెచ్చు "జె"కి "క్య" లేకుండా సబ్జంక్టివ్ పెట్టే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

పాతనిఘంటువు:
ఒక సంగతి. 1913 డిసెంబరు 24న అపొలినేర్ స్వయంగా ఈ పద్యం చదివితే సోర్బాన్ (పారిస్ విశ్వవిద్యాలయం)లో రికార్డు చేశారు. చేయించింది ఎవరనుకున్నారు, ఫెర్దినాఁ బ్ర్యునో, ఫ్రెంచి భాషా చరిత్ర సంపుటాలకి సంపుటాలు రాసిన వ్యాకరణవేత్త. కవి ఎదురుగా, యంత్రం మధ్యలో. "అయ్యా ఆ రెండో క్రియ ఏ రూపం?" అని ఒక్క ముక్క అడిగుంటే మనం ఇవాళ ఇలా కొట్టుకునేవాళ్ళమా. అదే ఏడు "ఆల్కోల్" పుస్తకం వచ్చింది, ప్రూఫుల్లో కామాలూ ఫుల్‌స్టాపులూ మొత్తం పీకేశాడు మహానుభావుడు. ఒక్క కామా ఉన్నా ఏదో ఒక ఆధారం దొరికేది.

నడిరేయి:
ఆ రికార్డింగు విన్నా. వినీ ఏం లాభం, ఏ రూపమైనా పలుకు ఒకటేగా.

సున్నుండ:
అయ్యబాబోయ్, నేను అడిగిందేంటి మీరు వెళ్ళిందెక్కడికి. తెలుగులో "రానీ"యా "గాత"నా తేల్చలేదు ఎవరూ. చదువుతుంటే నాకు మూడోది తట్టింది, "వచ్చినా". రాత్రి వచ్చినా, గంట మోగినా, రోజులు పోతున్నా, నేనుంటా. "బ్యాఁ క్య" (అయినప్పటికీ) తర్వాత కూడా సబ్జంక్టివే కదా, దాన్ని మనం "వచ్చినా" అనే కదా చెప్పుకుంటాం?

చుక్కలముగ్గు:
సున్నుండా, ఇది బావుంది. నేను క్లాసులో తెలుగు పిల్లలకి అలాగే ఎక్కిస్తా. "నువ్వు రావాలని ఉంది", ఆ "ఆలని" వినపడితే సబ్జంక్టివ్. "వస్తావని ఆశ", ఇక్కడ "ఆలని" లేదు, ఫ్రెంచిలోనూ "ఎస్పేరే" (ఆశించు) తర్వాత మామూలు రూపమే. మన నోట్లో ఉన్న తేడానే. కానీ "ఆప్రే క్య" (తర్వాత) దగ్గర జాగ్రత్త, "వచ్చాక" అంటే జరిగిపోయింది కాబట్టి మామూలు రూపం. అసలు ఫ్రెంచివాళ్ళే సబ్జంక్టివ్ పట్టే "అవాఁ క్య" (ముందు) చూసి పోలికతో దానికీ సబ్జంక్టివ్ తగిలిస్తుంటారు, వాళ్ళని చూసి మీరు నేర్చుకోవద్దు.

పాతనిఘంటువు:
"అవాఁ క్య" అన్నారు కాబట్టి, నేను నలభై ఏళ్ళుగా దాచుకున్న ముక్క ఒకటి. మనం "వచ్చేముందు" అంటాం, "రాకముందు" కూడా అంటాం. ఆ "రాక"లో ఉన్నది వ్యతిరేకార్థం. రానిదేంటి, వస్తున్నాడుగా! మరి ఫ్రెంచివాడు "అవాఁ కిల్ నె వ్యెన్" (వాడు రాకముందు) అని మధ్యలో పనిలేని "నె" (కాదు) ఎందుకు దూరుస్తాడు? అదీ వ్యతిరేకమే, అర్థం మాత్రం వ్యతిరేకం కాదు. ఇంకా జరగలేదు అనే బెరుకు రెండు భాషల్లోనూ "కాదు" రూపంలో బయటపడింది. రాజమండ్రి వాడికీ పారిస్ వాడికీ ఒకే బుద్ధి ఎలా పుట్టిందంటారు?

గోదారిగట్టు:
మాస్టారూ ఇది వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ పడిపోతే అన్యాయం. అయినా నా ఓటు "రానీ"కే. "వచ్చుఁగాత" అంటే వంతెన మీద పురోహితుడు నిలబడ్డట్టుంది.

పాతనిఘంటువు:
"రానీ" అంటే బస్టాండులో కండక్టరు నిలబడ్డట్టుంది. రానీ రానీ రైట్ రైట్.

సున్నుండ:
నేను నా నోట్సులో "వచ్చినా" రాసుకుంటున్నా, పెన్సిల్‌తో.

నడిరేయి:
రాసుకోండి. కానీ "లెర్" అని రాయకండి, అది "ల్యోర్"కి దగ్గర.

గోదారిగట్టు:
"ల్యోర్" ఏంటి, మా తాతగారు శుభ్రంగా "లోర్" అనేవారు.

నడిరేయి:
"లోర్" అంటే బంగారం అన్నా. రాత్రి రానీ, బంగారం మోగనీ.

గోదారిగట్టు:
మోగనీ, రేటు చూశారా ఇవాళ?