'ఔట్‌కాస్ట్స్ యునైటెడ్': రెండుసార్లూ పిల్లల ఎడిషనే వచ్చింది

వారెన్ సెయింట్ జాన్ 2009లో రాసిన 'ఔట్‌కాస్ట్స్ యునైటెడ్' పూర్తి పుస్తకం కావాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, క్లార్క్‌స్టన్‌లో శరణార్థి పిల్లల సాకర్ జట్టు, వాళ్ల కోచ్ లూమా ముఫ్లే గురించి. అలబామా అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మీద సెయింట్ జాన్‌దే 2004 నాటి పుస్తకం చదివాక పట్టిన పిచ్చి ఇది.

ఆన్‌లైన్‌లో రెండుసార్లు ఆర్డర్ పెట్టాను. పేజీలో 2009 అనే ఉంది. వచ్చింది మాత్రం రెండుసార్లూ 2012 నాటి పిల్లల ఎడిషన్! మొదటిది వాపసు తీసుకున్నారు, రెండోదానికి అమ్మినవాళ్లు జవాబే ఇవ్వట్లేదు. మూడు ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా వెతికాను. అన్నీ క్రికెటర్ల ఆత్మకథలే.

డబ్బు కట్టకముందే అది పూర్తి ఎడిషనో కాదో ఎలా తేల్చుకోవాలి?