పెద్ద ట్యాంకు మీద వాష్ మరకలు కట్టింది, రంగు మొత్తం తీసేయాలా?

గొలుసుబండి:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదివి వెళ్లిపోవడమే తప్ప నోరు విప్పలేదు. ఇప్పుడు తప్పట్లేదు.

వార్‌హామర్ 40,000 అని, చిన్న ప్లాస్టిక్ బొమ్మల దళాలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట. అందులో నాది ఇంపీరియల్ గార్డ్ దళం. ఏడాదిన్నర కూర్చుని 60 మంది సైనికులకు రంగులేశాను. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నల్ల ప్రైమర్, దాని మీద ఆకుపచ్చ, ఆ పైన ఒళ్లంతా నల్ల వాష్ (సందుల్లోకి దిగి నీడలా కనిపించే పలచటి రంగు), ఆరాక పొడి కుంచెతో లేతరంగు రుద్దడం. పదిమందికి రెండు సాయంత్రాలు చాలు. చేతిలోకి తీసుకుని చూస్తే తప్పులు కనిపిస్తాయి గానీ, బల్ల మీద వరసగా నిలబెడితే ముచ్చటగానే ఉంటారు.

మొన్న బేన్‌బ్లేడ్ తెచ్చుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, గార్డ్ దళంలో మామూలు ట్యాంకు లీమన్ రస్. బేన్‌బ్లేడ్ పక్కన పెడితే అది దీని పిల్లలా ఉంటుంది. ఉత్సాహం ఆగక ఒక్క ఆదివారంలో మొత్తం అతికించేశాను. మొత్తం అంటే మొత్తం. పైన తిరిగే టరెట్, పక్క తుపాకుల గూళ్లు, చక్రాల చుట్టూ ఉండే గొలుసు ట్రాకులు, ఏదీ వదల్లేదు. ట్రాకుల వెనక పలకకి కుంచె వెళ్లదని ఆ తర్వాత గానీ తెలియలేదు.

సరే, పద్ధతి అదే కదా అనుకుని ప్రైమర్ కొట్టి, కుంచెతో ఆకుపచ్చ మూడు పూతలు వేసి, ఎడమ పక్క మొత్తం వాష్ పూశాను. తడిగా ఉన్నంతసేపూ ఎంత బాగుందో! గంట తర్వాత వచ్చి చూస్తే, సున్నం గోడ మీద వాన నీళ్లు కారి ఎండిన చోట గీతలు కడతాయే, అచ్చం అలా ఉంది. పలకల మధ్యలో వలయాలు, కింది అంచున రివెట్ల దగ్గర నల్లటి గడ్డలు. చూస్తూ ఊరుకోలేక సగం ఆరిన వాష్‌ని తడి కుంచెతో రుద్దాను. కాలిన చోట చర్మం ఊడినట్టు ఓ పొర లేచొచ్చింది. బొటనవేలి గోరంత మచ్చ, ఎడమ పక్క సరిగ్గా మధ్యలో.

కుడి పక్క ఇంకా ముట్టుకోలేదు, అక్కడ ఉత్త ఆకుపచ్చే ఉంది. దానిదింకో గోల. అదే డబ్బాలో రంగు, కానీ నా సైనికుల పక్కన పెడితే వేరే దళం బండిలా పచ్చగా మెరిసిపోతోంది.

మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా? ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకుండా ఇంత పెద్దది అయ్యే పనేనా? రంగు ఎందుకు కలవట్లేదు?

డబ్బాస్ప్రే:
తీసెయ్ తమ్ముడూ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే యాక్రిలిక్ ఊడొస్తుంది. ఆ తర్వాత ఎయిర్‌బ్రష్ ఒకటి కొనుక్కో. ఇంత బండికి సైనికుడి కుంచె పట్టుకు కూర్చోవడమంటే చెంచాతో బావి తోడటమే.

తుప్పురంగు:
అయ్యో, తీయకండి. అంత పెద్ద బండిని నానబెట్టే పాత్ర ఏది? రివెట్ల చుట్టూ ఇరుక్కున్న రంగు గీకేలోపు మీకు ఆట మీదే విరక్తి పుడుతుంది. పైగా చెడింది ఒక పక్కే.

వాష్ ఎందుకలా చేసిందో ముందు చూద్దాం. సైనికుడి ఒంటి నిండా ముడతలు, పట్టీలు, జేబులు. పూసిన వాష్ నీళ్లు పల్లానికి పోయినట్టు వాటిలోకి పోయి ఆగుతుంది. ట్యాంకు పలకకి పల్లమేదీ? ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే చెరువు కడుతుంది. చెరువు అంచు ముందు ఆరుతుంది, లోపలి తడి రంగుని మోసుకుని ఆ ఆరే అంచుకే పోతుంది. అదే మీ వలయం. మీ చెయ్యి బాగానే ఉంది. సైనికుడి వైద్యం బండికి చేశారు, అంతే.

బండి మీద వాష్ పలకకి కాదు, పలకల మధ్య సందుకి. కుడి పక్క ఇలా చేసి చూడండి. ముందు మెరిసే వార్నిష్ పలుచగా ఒక పూత వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. ముదురు గోధుమ ఆయిల్ రంగులో చిటికెడు నలుపు వేసి, వైట్ స్పిరిట్‌తో నీళ్లలా పలచన చేయండి. సన్న కుంచె కొన ముంచి సందులో ఒక మూల ఊరికే ఆనించండి. ఆ చుక్క గీత పట్టుకుని తనంతట తనే రెండో చివరికి పరిగెడుతుంది. మొదటిసారి అది చూసి నేను మా ఇంట్లో అందర్నీ పిలిచాను, ఎవరూ రాలేదు. రివెట్ మొదట్లో ఆనిస్తే చుట్టూ తిరిగి ఉంగరంలా కూర్చుంటుంది. 15, 20 నిమిషాలాగి, స్పిరిట్‌లో ముంచి గుడ్డకి బాగా తుడిచేసిన కుంచెతో పైనుంచి కిందికి లాగండి. బయటికి పొంగింది పోతుంది, సందులోది ఉంటుంది. ఆయిల్ రంగు గంట తర్వాత కూడా మాట వింటుంది. యాక్రిలిక్ వాష్‌కి ఆ ఓపిక లేదు, మీకు అనుభవమైందిగా.

ఒక్క జాగ్రత్త, ఇది నా బండి విరగ్గొట్టుకుని నేర్చుకున్నది. మొదటిసారి స్పిరిట్ ధారాళంగా పోసేశాను. నాదీ మీలాగే, ట్రాకులు ముందే బిగించి అతికించేశాను, లోపలి పక్కకి ప్రైమర్ సరిగా అందలేదు. మర్నాడు చేత్తో ఎత్తితే ట్రాకు వంపు దగ్గర టక్కుమంది. ఒత్తిడిలో ఉన్న ఉత్త ప్లాస్టిక్‌లోకి స్పిరిట్ దిగితే అది పెళుసెక్కి పగులుతుంది. కాబట్టి మీ ట్రాకుల దగ్గర ఆయిల్ జోలికి పోవద్దు. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి తలకెక్కుతుంది.

ఇక ఎడమ పక్క. వాష్ ఎక్కడ గడ్డకట్టిందో మళ్లీ ఓసారి చూడండి. కింది అంచున, రివెట్ల కింద. నిజం బండికి మురికి చేరేదీ అక్కడే. సగం పని అదే చేసిపెట్టింది. పలకల మధ్య వలయాలు మాత్రం పోవాలి. మోడల్ ప్యాకింగులో వచ్చే నురగ స్పాంజి ముక్క చింపి, అదే ఆకుపచ్చ అద్ది, కాగితం మీద చాలావరకు తుడిచేసి, పలక నడుమ తట్టండి. అంచుల్లోని ముదురు అలాగే ఉండనివ్వండి. తర్వాత అదే స్పాంజితో ముదురు గోధుమ, రంగు పెచ్చులూడినట్టు. సిబ్బంది కాలు పెట్టే చోట, హాచ్ (పైకెక్కి దిగే మూత) అంచున, ముందు భాగం మూలల్లో. ఎవరూ తొక్కని పలక నడిబొడ్డున పెచ్చు ఊడదు, అక్కడ తట్టొద్దు.

సన్నకుంచె:
గొలుసుబండి గారూ, ఎయిర్‌బ్రష్ లేకుండా భేషుగ్గా అవుతుంది. నా మూడు బండ్లకూ కుంచే. కాకపోతే వెడల్పాటి చదును కుంచె కావాలి. రంగు పాలంత పలుచగా కలపండి. ఒకసారికి ఒక పలక పట్టుకోండి, మొదలుపెట్టిన గీత నుంచి అవతలి గీత దాకా ఆగకుండా ఒకే దిశలో లాగండి. సగం ఆరినదాని మీదికి మళ్లీ వెళ్లారో, చారలు పడ్డట్టే. మొదటి పూత చూసి దిగులు పడకండి, కింది నలుపు అక్కడక్కడా కనిపిస్తూ అసహ్యంగానే ఉంటుంది. మూడో పూతకి సర్దుకుంటుంది.

రంగు కలవకపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. మీ సైనికుల మీద మీరు చూస్తున్నది డబ్బాలో ఆకుపచ్చ కాదండీ. ఆకుపచ్చ, దాన్ని ముదురు చేసిన నల్ల వాష్, పైన రుద్దిన లేతరంగు, మూడూ కలిసి కంటికి ఒక రంగుగా కనిపిస్తున్నాయి. కుడి పక్క ఉన్నది ఉత్త డబ్బా రంగు, అది కూడా ఇంతింత పలకల మీద. ఎలా కలుస్తుంది? ఒక సైనికుణ్ని ఎదురుగా నిలబెట్టుకోండి. మోడల్ భాగాలు కత్తిరించాక మిగిలే ఫ్రేము ముక్కల మీద ఆకుపచ్చలో ముదురు గోధుమ చుక్క చుక్కగా కలుపుతూ పూసి చూడండి. నాకు ఆరు చుక్కలకి ఒక చుక్క సరిపోయింది, మీ రంగుకి మీరే చూసుకోవాలి. తడిగా ఉండగా తీర్పు చెప్పొద్దు, యాక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. కుదిరిన రంగు కుడి పక్క ఒక పూత వేశాకే తుప్పురంగు గారి వార్నిష్, ఆయిల్ సంగతి. ఎడమ పక్క స్పాంజికీ ఇదే రంగు వాడండి, డబ్బాది కాదు.

తుప్పురంగు గారితో ఒకచోట పేచీ. ఆయన చెయ్యి పడితే ఏ బండైనా పదేళ్లు చెరువులో పడి ఉన్నట్టు తేలుతుంది. మీ 60 మంది బూట్లు తళతళలాడుతుంటే వాళ్ల బండి ఒక్కదానికి ఆ మురికి ఏమిటి? బండికి ఏ బురద పూస్తారో అదే కొంచెం సైనికుల బూట్లకీ, వాళ్లు నిలబడే కింది బిళ్లల అంచులకీ తట్టండి. ఒకే నేల మీద నడిచినవాళ్లలా ఉంటారు.

తుప్పురంగు:
చెరువులో కాదు, చిత్తడి నేలలో. మిగతాదంతా ఒప్పుకుంటున్నా.

గొలుసుబండి:
అందరికీ చాలా థ్యాంక్స్. రంగు తీసే ఆలోచన మానుకున్నాను. ట్రాకుల వెనక కుంచె వెళ్లని చోటు, ఆయిల్ వాడొద్దన్న చోటు, అక్కడేం చేయను? పక్క నుంచి చూస్తే బూడిదరంగు ప్లాస్టిక్ కనిపిస్తోంది.

సన్నకుంచె:
మీ నల్ల వాష్ ఉందిగా. యాక్రిలిక్ గోధుమ, నలుపు కలిపిన పలచటి రంగు ముందు సందుల్లోకి పారించండి, ఆరాక దాని మీద ఆ వాష్. అక్కడ ఎంత గడ్డకడితే అంత మంచిది, చీకటే కావాలి. ఇంకో బండి తెస్తే ట్రాకులు విడిగా రంగేసి చివర్లో అతికించండి.

డబ్బాస్ప్రే:
నా మాట ఎవరూ వినలేదు సరే, ఇదైనా వినండి. చివరి మ్యాట్ వార్నిష్ డబ్బాతో కొడితే గాలిలో తేమ లేని రోజు చూసుకో తమ్ముడూ. ముసురు పట్టిన రోజు తొందరపడి కొట్టి, నల్లబండిని బూడిద పూసిన బైరాగిని చేశాను. డబ్బా బాగా ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, బండి బయట నొక్కడం మొదలుపెట్టి బండి దాటాక వదులు. డికాల్స్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తులు) ఉంటే మెరిసే పూత మీదే అతికించు, మ్యాట్ మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

గొలుసుబండి:
మూడు వారాలైంది, ఎలా తేలిందో చెప్పాలిగా.

కుడి పక్క నాకు ఏడు చుక్కలకి ఒకటి కుదిరింది. ఆయిల్ చుక్క గీత వెంట పరిగెత్తడం చూసి నేనూ ఇంట్లోవాళ్లని పిలిచాను. మా చెల్లి వచ్చి, చూసి, "ఇదా" అని వెళ్లిపోయింది. ఎడమ పక్క స్పాంజి మొదటి తట్టుకే దెబ్బతింది, కాగితం మీద తుడవమన్నది చదివి కూడా తుడవలేదు. పిడకంత గోధుమ మచ్చ పడింది. దాని మీద మళ్లీ ఆకుపచ్చ తట్టి, మళ్లీ గోధుమ తట్టి, నాలుగోసారికి చెయ్యి కుదురుకుంది. వలయాలు పోయాయి. బూట్లకి బురద 20 మందికి అయింది, ఇంకా 40 మంది శుభ్రంగానే ఉన్నారు.

పొర లేచిన మచ్చ ఒక్కటి లొంగలేదు. ఎంత రంగేసినా అంచు గుంటలా కనిపిస్తూనే ఉంది. చివరికి టిష్యూ కాగితం చుట్టచుట్టి, నీళ్లు కలిపిన తెల్ల జిగురులో తడిపి, రెండు దారాలు కట్టి, సరిగ్గా దాని మీద అతికించాను. ఆరాక ఖాకీ రంగేస్తే బండికి వేలాడదీసిన టార్పాలిన్ చుట్టలా కూర్చుంది. రేపు ఫోటో పెడతాను. దాని కింద ఏముందో మీకు తెలుసు, అవతల ఆడేవాడికి మాత్రం చెప్పకండి.