అమ్మ ఎముకల విషయంలో డెక్సాను నమ్మాలా, సీటీనా?

తార్నాక వాసి: అమ్మకు 68. నడుం నొప్పి అంటే పోయిన నెల డెక్సా (తక్కువ ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) చేయించాం. వెన్ను టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1.4. "కొంచెం తగ్గింది అంతే, కాల్షియం వేసుకోండి" అన్నారు. ఇంతలో కిడ్నీలో రాయి అనుమానంతో పొట్టకు సీటీ తీశారు. ఆ రిపోర్టు చివర "ఎల్1 పూస 88 హెచ్‌యూ, ఎముక గుల్లబారి ఉండొచ్చు" అని ఒక ముక్క. ఎల్1 అంటే నడుంలో మొదటి పూసట, హెచ్‌యూ అంటే సీటీలో సాంద్రత కొలతట. ఇప్పుడు ఎముకల కోసమే క్యూసీటీ (సీటీతో ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) చేయించమని ఒకరు, అక్కర్లేదని ఇంకొకరు. టెన్షన్‌గా ఉంది.

మలక్‌పేట మాస్టారు: డెక్సానే నమ్మండి. మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని 1994లో డబ్ల్యూహెచ్‌ఓ గీసిన గీత డెక్సా కొలతలకే. పైగా దాని రేడియేషన్ మైక్రోసీవర్టుల్లో, పొట్ట సీటీది మిల్లీసీవర్టుల్లో. కొత్త మెషిన్ కొన్నాక దానికి పేషెంట్లు కావాలి కదా!

సీటీ గది మనిషి: వ్యాపారం సంగతిలో మాస్టారితో పేచీ లేదు. కానీ డెక్సా చూసేది నీడని. ఆ నీడలో పడిందంతా కలిపి చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని చెబుతుంది. ఈ వయసులో పూసల అంచుల్లో ఎముక ముళ్లు పెరుగుతాయి, ముందున్న పెద్ద రక్తనాళంలో కాల్షియం పేరుకుంటుంది. అదీ ఎముక ఖాతాలోకే పోయి స్కోరు బాగున్నట్టు కనిపిస్తుంది. సీటీలో మేం గట్టి పెంకు తగలకుండా పూస మధ్యలో చిన్న గుండ్రం గీస్తాం. లోపలి స్పాంజి లాంటి ఎముక మాత్రమే అందులోకి వస్తుంది. ముందుగా పలచబడేది అదే. హెచ్‌యూ స్కేల్లో నీరు 0, గాలి మైనస్ 1000. ఎల్1లో 110కి తక్కువుంటే అనుమానం గట్టిదే. 160 దాటితే పెద్దగా భయం లేదు. ఇంతకీ కాంట్రాస్ట్ ఎక్కించారా? ఎక్కిస్తే నంబరు పెరుగుతుంది.

తార్నాక వాసి: లేదండీ, ఊరికే తీశారు.

మలక్‌పేట మాస్టారు: మెషిన్ మారితే హెచ్‌యూ మారుతుంది, కేవీ (ఎక్స్‌రే వోల్టేజి) మారితే మారుతుంది. మజ్జలో కొవ్వు ఎక్కువైనా తగ్గి కనిపిస్తుంది. అదేం కొలత?

సీటీ గది మనిషి: అందుకే క్యూసీటీలో సాంద్రత ముందే తెలిసిన ఫాంటమ్ అనే నమూనా దిమ్మతో సరిచూసి, ఘన సెంటీమీటరుకు మిల్లీగ్రాముల్లోకి మారుస్తారు. వెన్నులో 80కి తక్కువైతే ఆస్టియోపోరోసిస్, 80 నుంచి 120 వరకు ఆస్టియోపీనియా, అంటే ఎముక కొంత పలచబడటం. దానికి మైనస్ 2.5 గీత అంటించకూడదు. కొవ్వు సంగతి మాత్రం మీరన్నది నిజం, మామూలు క్యూసీటీకీ ఆ ఇబ్బంది ఉంది. అయినా ఎముకల కోసమే ఇంకో సీటీ వద్దనే నా మాట కూడా. ఉన్న సీడీనే పట్టుకెళ్లి, వెన్నును పక్కవైపు నుంచి చూడమనండి. దెబ్బేమీ తగలకుండా పూస కుంగిపోయి ఉంటే, వేరే జబ్బు లేదని తేలాక, టి-స్కోరు ఎంతున్నా అది ఆస్టియోపోరోసిసే.

బోడుప్పల్ అక్క: తమ్ముడూ, వెన్ను స్కోరే చెప్పావు, తుంటిది ఏదీ? అమ్మ ఎత్తు ఏమైనా తగ్గిందా?

తార్నాక వాసి: తుంటిది రెండో పేజీలో ఉందక్కా, నేను తిప్పనే లేదు. మైనస్ 2.2. ఇక ఎత్తు... ఆవకాయ జాడీ పై అరలోంచి తనే దించేది. ఈ మధ్య నన్ను పిలుస్తోంది. వయసు మీద పడిందిలే అనుకున్నా. ఇందాక గోడకు నిలబెట్టి కొలిస్తే 148. పాత చెకప్ కాగితంలో 153 ఉంది.

సీటీ గది మనిషి: 5 సెంటీమీటర్లా! రేపే సీడీ చూపించండి.

మలక్‌పేట మాస్టారు: చూపించండి. కానీ ఒక మాట. ఎత్తు ఇంత తగ్గిందని ముందే చూసుంటే పక్కనుంచి మామూలు ఎక్స్‌రే తీసినా తెలిసేది. ఈ గొప్ప సీటీ ఖాతాలో వేయకండి.

తార్నాక వాసి: చూపించాను. డీ12 (ఎల్1కి సరిగ్గా పైనున్న పూస) ముందువైపు కుంగి ఉంది. రాయి కోసం తీసింది కదా, రిపోర్టులో ఆ మాటే రాయలేదు. సోమవారం ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్తున్నాం. జాడీ కింది అరలోకి మార్చేశా.