భోజన హోటలుకు ఆర్డర్ యాప్: మెనూ కంటే ముందు ఫోన్ నంబరు అడగొచ్చా?

గూడూరు_డిజైనర్:
నెల్లూరులో ఒక భోజన హోటలుకు మొబైల్ యాప్ డిజైన్ చేస్తున్నాను. బల్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే మెనూ వస్తుంది, ఎంచుకున్నవి నేరుగా వంటగదిలో కేఓటీగా, అంటే వంటవాళ్లకు ఆర్డర్ చెప్పే చీటీగా, ప్రింటవుతాయి. మెనూ కనబడక ముందే ఫోన్ నంబరు, ఓటీపీ అడగమని యజమాని అంటున్నారు. నాకది సబబుగా లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి యాప్‌లన్నీ ఒక్కో ఐటమ్‌ను కార్టులో వేసుకునే పద్ధతిలో నడుస్తాయి. మన ఫుల్ మీల్స్ అలా నడవదు. ఇంకాస్త పప్పు కావాలి, మారు అన్నం కావాలి, రసం పోయాలి. ఇవేవీ కొత్త ఆర్డర్లు కావు, బిల్లూ మారదు. వీటిని తెర మీద ఎలా పెట్టాలో తేలడం లేదు. మీరేమంటారు?

కందుకూరు_మాస్టారు:
నంబరు అడగకూడదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. డాక్టరుకు చూపించడానికి నెల్లూరు తీసుకొచ్చి, మధ్యాహ్నం ఒక హోటల్లో కూర్చున్నాం. మెనూ కార్డు లేదు, స్కాన్ చేయమన్నారు. నంబరు కొట్టాను, ఓటీపీ రాలేదు. మళ్లీ కొట్టాను, రాలేదు. పక్క బల్ల వాళ్లు మా తర్వాత వచ్చి, తిని లేచి వెళ్లారు. "పోదాం పదండి" అంది ఆవిడ. బస్టాండులో అరటిపండ్లు తిని ఊరికి చేరాం. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు కావాలని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖే వ్యాపారులకు చెప్పింది. ఇక చర్చ దేనికి?

ట్రంకురోడ్డు_హోటల్:
మాస్టారూ, మీకు జరిగింది తప్పే. కానీ ఆ మాట చెప్పింది దుకాణాలవాళ్లను చూసి. నా బాధ కూడా వినండి. నా హోటల్ ఏడేళ్లుగా ఇళ్లకు భోజనం చేర్చే పార్శిల్ యాప్‌లో ఉంది. బిల్లులో దాదాపు పావు వంతు కమిషన్ కింద పోతోంది. పోతే పోయింది, మా చేపల పులుసు వారానికి మూడుసార్లు తెప్పించుకునే మనిషి ఎవరో నాకు తెలియదు. పేరు, నంబరు అన్నీ ఆ కంపెనీ దగ్గరే ఉంటాయి. రేపు వాళ్లు నన్ను జాబితాలో కిందికి నెడితే ఆ మనిషికి నేనెలా కబురు పెట్టాలి? నా హాల్లో కూర్చుని తినేవాళ్ల నంబరన్నా నా దగ్గర ఉండొద్దా?

ఒంగోలు_ఆటో:
బల్ల మీద ప్రింటు మెనూ ఒకటి పెడితే గొడవే ఉండదు కదా.

కావలి_రొయ్యలు:
యాప్ డౌన్‌లోడ్ చేయమనొద్దు. స్కాన్ చేయగానే బ్రౌజర్లో తెరుచుకోవాలి. ఒక్క పూట భోజనానికి ఫోన్‌లో చోటెవరిస్తారు? అలాగే టిప్పు దానంతటదే కలిసే పెట్టె పెట్టకండి. కొనేవాళ్లు అడగని దాన్ని బుట్టలో కలపకూడదని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్ (కొనేవాళ్లను మభ్యపెట్టే డిజైన్) మార్గదర్శకాల్లో ఉంది.

కందుకూరు_మాస్టారు:
హోటల్ గారూ, పార్శిల్‌కు నంబరు అడగండి, ఇంటికి రావాలి కాబట్టి ఇస్తాను. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి అన్నం పెట్టడానికి నంబరెందుకు? మీరు దీనికి జవాబు చెప్పలేదు. ఇంకో సంగతి, మా ఆవిడ ఇంగ్లీషు చదవలేదు. ఆ తెర మీద ఒక్క తెలుగు అక్షరం లేదు.

గూడూరు_డిజైనర్:
తెలుగు పెడుతున్నాను మాస్టారూ. దానితో పెద్ద పనే పడింది. ఇంగ్లీషు కొలతకు గీసిన బటన్‌లో పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతున్నాయి. ‘గుత్తి వంకాయ’లో త ఒత్తు సగమే కనబడింది. తాకే చోటు కనీసం 48 డీపీ (తెర మీద సైజుకు వాడే కొలత) ఉండాలని ఆండ్రాయిడ్ సూచన. నేను 56 పెట్టి, వరుసల మధ్య ఎడం పెంచాను. తెర మీద ఐటమ్స్ తక్కువ పడతాయి, పడనివ్వండి. కానీ ఆ మారు వడ్డన సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ‘పప్పు’, ‘రసం’, ‘మారు అన్నం’ అని విడివిడిగా బటన్లు పెట్టేదా?

పెన్నా_ఒడ్డు:
మారు అన్నానికి బటన్ ఏమిటండీ? సర్వర్ ఉంటాడుగా.

ట్రంకురోడ్డు_హోటల్:
ఎక్కడున్నాడు సర్వర్?

పెన్నా_ఒడ్డు:
ఇప్పుడు బయటపడింది. నంబరు గొడవ పైపైదే, సర్వర్లను తగ్గించుకోవడానికే ఈ యాప్‌లు. మా నాన్న 26 ఏళ్లు నెల్లూరులో వడ్డించాడు. ఎవరూ పిలవక్కర్లేదు. ఆకు చూసేవాడు. సాంబారు అన్నం సగం కాగానే రసం గిన్నెతో పక్కన నిలబడేవాడు. చెయ్యి అడ్డం పెడితే ఆగేవాడు, మొహమాటపడుతున్నారనిపిస్తే ఇంకో గరిటె వేసేవాడు. మీ బటన్‌కు మొహమాటం తెలుస్తుందా?

ట్రంకురోడ్డు_హోటల్:
మీ నాన్నగారికి దణ్ణం పెడతాను. ఒక్క మాట అడుగుతా, ఆ పని మీరు చేస్తున్నారా? మూడు నెలలుగా మనిషి కోసం చూస్తున్నాను. జీతం, రెండు పూటలా భోజనం, గది ఇస్తానన్నా ఎవరూ రావడం లేదు. అడ్వాన్సు తీసుకున్న ఇద్దరు చెన్నై వెళ్లిపోయారు. నలుగురి పని ఇద్దరు చేస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకే టెన్షన్. మనుషుల్లేక యాప్ వెతుక్కుంటుంటే, యాప్ కోసం మనుషుల్ని తీసేస్తున్నానంటారేమిటి!

పెన్నా_ఒడ్డు:
చేయను. ఎందుకో చెబుతా వినండి. నాన్నకు పీఎఫ్ లేదు, వారానికో సెలవు లేదు. నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బిపోయాయి. ఇప్పుడు మెట్లెక్కలేడు. ఆయనే నన్ను ఆ హాల్లోకి రానివ్వలేదు. యాప్‌కు పోసే డబ్బు జీతంలో కలపండి, పీఎఫ్ కట్టండి. మనిషి దొరుకుతాడో లేదో అప్పుడు మాట్లాడదాం.

ట్రంకురోడ్డు_హోటల్:
కలుపుతా. మీల్స్ మీద 40 రూపాయలు పెంచితే ఇక్కడున్న వాళ్లెంతమంది వస్తారు?

ఒంగోలు_ఆటో:
నేను రాలేను అన్నా. నిజం చెబుతున్నా.

గూడూరు_డిజైనర్:
అన్నలిద్దరూ ఒక్క నిమిషం. నేను తినేవాళ్ల ఫోన్ గురించే ఆలోచిస్తూ వచ్చాను. రెండు రోజులు నేను యాప్ చేస్తున్న హోటల్ హాల్లో కూర్చుని చూశాను. సర్వర్ ఆర్డర్ కోసం బల్ల దగ్గరికి, చీటీ ఇవ్వడానికి వంటగదికి, ఎవరో పిలిస్తే ఏం కావాలో కనుక్కోవడానికి మళ్లీ బల్ల దగ్గరికి నడుస్తున్నాడు. ఆర్డర్ అతని చేతి ఫోన్‌లోనే కొడితే చీటీ కోసం నడక తప్పుతుంది. బల్ల మీది కోడ్‌లో తెలుగు మెనూ, ‘మారు’ అని ఒకే బటన్. నొక్కితే బల్ల నంబరు అతని ఫోన్‌లో వెలుగుతుంది, ఏం వడ్డించాలో ఆకు చూసి అతనే తేల్చుకుంటాడు. తినేవాళ్ల నంబరు ఆఖర్న, ఇష్టమైతేనే.

పెన్నా_ఒడ్డు:
ఇది కొంత నయం తమ్ముడూ. కానీ బటన్ నొక్కాక ఎంతసేపటికి వెళ్లాడో ఆ లెక్క యజమాని చూస్తాడా?

గూడూరు_డిజైనర్:
చూసేలా చేయొచ్చు, చూడకుండానూ చేయొచ్చు.

ట్రంకురోడ్డు_హోటల్:
డబ్బు పెట్టేది యజమాని, చూడకపోతే ఎలా?

పెన్నా_ఒడ్డు:
చూసి, ఆలస్యమైందని జీతంలో కోస్తే? ఇద్దరితో నలుగురి పని చేయిస్తూ ఆ లెక్క ఎవరి మీద వేస్తారు?

ట్రంకురోడ్డు_హోటల్:
కోస్తానని నేనన్నానా?

పెన్నా_ఒడ్డు:
కోయనని కూడా అనలేదు.

కందుకూరు_మాస్టారు:
నంబరు ఆఖర్న అన్నారు, సంతోషం. కోడ్‌తో పాటు బల్ల మీద ప్రింటు మెనూ ఉంటుందా లేదా? ఒంగోలు ఆయన మొదట్లోనే అడిగారు. అది చెప్పండి.