అప్‌డేట్: పాలు, సోయా పడని మా పాపకు ఉగ్గు మొదలుపెట్టాక

మలంలో రక్తపు చారలు కనిపించిన మా పాపకు పాల ప్రొటీన్లు, సోయా పడటం లేదని వైద్యురాలు తేల్చాక, ఘనాహారం ఎలా మొదలుపెట్టాలని, మేకపాలు పట్టవచ్చా అని లోగడ అడిగాను. మేకపాలు, గేదెపాలలోని ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను బాగా పోలి ఉంటాయి కాబట్టి అవి ప్రత్యామ్నాయం కావని ఆమె స్పష్టంగా చెప్పారు.

తల్లిపాలు కొనసాగిస్తూ నేను సోయాతో పాటు పెరుగు, మజ్జిగ, చివరకు నెయ్యి కూడా మానేశాను. కొన్ని వారాలకు చారలు పూర్తిగా ఆగిపోయాయి. కాల్షియం మాత్రలు వేసుకుంటున్నాను.

ఆరు నెలలు నిండాక, మొలకెత్తించిన రాగుల పిండిని నీళ్లతోనే కాచి పలుచని జావగా పట్టాము. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండటం మాకు పెద్ద ఊరట. తర్వాత పెసరపప్పు కలిపి మెత్తగా మెదిపిన అన్నంలో, నెయ్యికి బదులు కాస్త కొబ్బరినూనె వేసి పెట్టగా, పాప గిన్నె వైపు చేతులు చాచి మరీ తింటోంది. ఒక్కో కొత్త పదార్థానికీ కొన్ని రోజుల ఎడం ఇస్తున్నాము.

బిస్కెట్లు, బ్రెడ్డు కొనేవారు పాలపొడి, వే (whey), కేసినేట్ (ఈ రెండూ పాల ప్రొటీన్లే), సోయాపిండి అన్న పేర్ల కోసం ప్యాకెట్ వెనుక తప్పక చూడండి. పాపకు పాలు పడతాయేమో తిరిగి పట్టి చూడటం మొదటి పుట్టినరోజు దాటాక, వైద్యురాలి పర్యవేక్షణలోనే జరుగుతుంది.