"ఎమెక్తి"లో ఆ "తి" సంగతి

— రెండు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. 1977నాటి తుర్కీ సినిమా "సెల్వి బోయ్‌లుమ్ అల్ యాజ్మాలుమ్", కిర్గిజ్ రచయిత ఐత్మాతవ్ కథకు ఆతుఫ్ యుల్మాజ్ తీసింది. చివర్లో కథానాయిక ఆస్యా, ప్రేమించి పెళ్ళాడిన ఇలియాస్‌కీ తర్వాత ఆదరించిన జెమ్‌షిత్‌కీ మధ్య నిలబడి తనలో తను అనుకుంటుంది: "సెవ్గి నేయ్‌ది? సెవ్గి ఎమెక్తి." మధ్యలో మంచితనం, స్నేహం కూడా వస్తాయి, వరస సరిగ్గా గుర్తు లేదు. "ప్రేమంటే ఏమిటి? శ్రమ" అని తెలుగు చేసుకుంటే మేడే బ్యానర్‌లా ఉంది. ఎమెక్‌కి మంచి మాట చెప్పండి.

— కష్టం. మా అమ్మమ్మ తను పెంచుకున్న కొడుకు తల నిమురుతూ "వీడు నా కష్టమమ్మా" అనేది. కన్న బిడ్డల గురించి ఎప్పుడూ అలా అన్లేదు. సినిమాలో జెమ్‌షిత్ చేసిందీ అదే కదా, ఇలియాస్ బిడ్డను తన బిడ్డగా పెంచాడు.

— మేడమ్, మీ అమ్మమ్మగారి మాట బంగారం. కానీ "ప్రేమంటే కష్టం" అని రాస్తే ప్రేమించడం కష్టమనే చదువుతారు. "రెక్కల కష్టం" అంటే ఆ పేచీ ఉండదు.

— రెక్కల కష్టంలో కూలి డబ్బు కనిపిస్తుంది.

— కనిపించనీండి! తుర్కీలోనూ మే 1ని ఎమెక్ పేరుతోనే జరుపుతారు. ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి "ఎమెక్లి" అంటారు. పసిపిల్లలు పాకడం "ఎమెక్లెమెక్". మోకాళ్ళు గీరుకుంటూ ముందుకు పోవడం ఆ మాటలోనే ఉందని నా నమ్మకం.

— అందరూ ఎమెక్ దగ్గరే ఆగిపోయారు. గుట్టు "తి"లో ఉంది. "ఎమెక్తిర్" అంటే సూక్తి అయ్యేది. ఆమె "ఎమెక్తి" అంది, భూతకాలం. అలాగని ప్రేమ అయిపోయిందనీ కాదు. విన్న పేరు మరిచిపోయినప్పుడు తుర్కులు "ఆదున్ నేయ్‌ది?" అంటారు. మనం "మీ పేరేమిటన్నారు?" అంటాం చూడండి, అచ్చం అదే. ఆస్యా కొత్తగా నిర్వచించడం లేదు, తెలిసినదాన్నే గుర్తు తెచ్చుకుంటోంది.

— మాస్టారూ, అలాగైతే మనకు "గా" ఉంది. "ప్రేమంటే ఏమిటీ? రెక్కల కష్టమేగా."

— ఆ "గా"లో ఎదుటివాణ్ణి ఒప్పించే తొందర ఉంది తమ్ముడూ. ఆస్యా ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. కొడుకు సామెత్ "బాబా" (నాన్నా) అంటూ జెమ్‌షిత్ వైపు పరిగెత్తాడు, ఆమె కాళ్ళు అటే కదిలాయి. అక్కడ "గా" పెడితే ఇలియాస్‌కు సంజాయిషీ ఇచ్చినట్టుంటుంది.

— ఇంతసేపూ గురజాడ ఎవరికీ గుర్తు రాలేదా? "కాసులు"లో,
మరులు ప్రేమని మది దలంచకు
మరులు మరలును వయసుతోడనె
అన్నాడు. తుర్కీలో అష్క్ వేరు, సెవ్గి వేరు. మొదటిది అరబ్బీ ఇష్క్, మన మరులు. ఇలియాస్ లారీలో వచ్చింది అష్క్. ఆస్యా చివర్లో అడిగింది సెవ్గి గురించి. "మాయ మర్మములేని నేస్తము" అంటాడే, అక్కడ స్నేహం కూడా దొరికింది మీకు.

— ఆ పద్యం ఎత్తారు కనుక ఈ పాదం కూడా చూడండి: "ప్రేమ నిలిపిన ప్రేమ నిలుచును." నిలుచును దానంతటదే జరిగేది, నిలిపిన మనిషి చేసేది. ఎమెక్ అంతా ఆ "పి"లో ఉంది. ఇక నామవాచకం ఎందుకు? "ప్రేమంటే నిలుపుకోవడం" అనెయ్యండి.

— "నిలుపుకోవడం"లో "కో" వచ్చి స్వార్థమైపోయింది. జెమ్‌షిత్ తనకోసం నిలుపుకోలేదు. అన్నట్టు నేను విన్న పాఠం "నిల్పిన".

— నిలిపిన అయినా నిల్పిన అయినా నాలుగు మాత్రలే, గురజాడ ఛందస్సు ముత్యాల సరం రెంటికీ ఒప్పుకుంటుంది. నడక మాత్రం మారుతుంది. "నిలిపిన"లో నాలుగు లఘువులు ఒక్కో అడుగూ వేసినట్టుంటాయి. నాకు అదే కావాలి.

— పక్కదారి పడుతున్నాను, మన్నించండి. సినిమా పేరులోని "అల్" అంటే ఎరుపు, "యాజ్మా" తలకు కట్టుకునే అద్దకపు గుడ్డ. యాజ్‌మక్ అంటే రాయడం, అంటే అది రాసిన గుడ్డ. మన కలంకారీ పేరులోనూ కలం ఉంది కదా! "ఎర్ర రుమాలు" అంటే ఇదంతా పోతుంది, పెడన అద్దకం చూసినవాళ్ళం మనమైనా ఆ పని చెయ్యకూడదు.

— అద్దకం సంగతి రేపు మాట్లాడుకుందాం అక్కా. "నిల్పిన" ఏ ప్రతిలో ఉందో ఆ పేజీ ఫోటో పెట్టండి. రాత్రి పడుకునేలోపు చూడాలి నేను.