మతిమరుపు మొదలైన అమ్మకు పసుపు క్యాప్సూల్సా, ఆకుకూరలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ):
అమ్మకు 72. శాకాహారి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వేసుకుంటోంది, గుండె వాల్వు మార్చాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అసిట్రోమ్ కూడా. ఈమధ్య చెప్పిందే మళ్లీ చెబుతోంది, స్టవ్ కట్టేయడం మర్చిపోతోంది. పసుపు-మిరియాల సారం క్యాప్సూల్స్, జింకో మాత్రలు మొదలుపెట్టమని బంధువులు అంటున్నారు. పాడేరు పసుపు పాలల్లో వేసి ఇస్తే చాలదా? ఆకుకూరలు తింటే అసిట్రోమ్ పనిచేయదంటారు, నిజమేనా?

జవాబు 1:
ఆ క్యాప్సూల్స్, జింకో రెండూ వద్దండీ. అసిట్రోమ్ వేసుకునేవాళ్లకు వీటితో రక్తస్రావం భయం ఉంటుంది. పైగా జింకో సంగతి 2008లోనే తేలింది. అమెరికాలో 3,069 మంది పెద్దవాళ్లతో చేసిన ట్రయల్లో 120 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఏళ్ల తరబడి ఇచ్చినా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రావడం తగ్గలేదు.

పసుపులో అసలు పదార్థమైన కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు, అంటే 3 గ్రాములు పాలల్లో వేసినా 90 మి.గ్రా., అందులో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మి.గ్రా. కలిపి ఇస్తే శోషణ 20 రెట్లు పెరిగింది. కానీ పైపరిన్ మందులను విరిచే ఎంజైములను కూడా అడ్డుకుంటుంది. దాంతో వేరే మాత్రల మోతాదు తెలియకుండానే పెరిగినట్టవుతుంది. పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. కూరలో పసుపు, చారులో మిరియాలు మామూలుగా వాడుకోండి, వాటితో ఇబ్బంది లేదు.

జవాబు 2:
ఆకుకూరలు మాన్పించొద్దు, దయచేసి. 2018లో షికాగోలో 960 మంది పెద్దవాళ్లను గమనించిన అధ్యయనంలో, రోజుకు ఒకటింపావు సర్వింగ్ తినేవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన నెమ్మదిగా తగ్గాయి. వండిన కూర అరకప్పు ఒక సర్వింగ్. అయితే ఇది గమనింపు మాత్రమే, రుజువు కాదు. ఆకుకూరలకు, బెర్రీలకు పెద్దపీట వేసే మైండ్ డైట్‌ను 604 మందికి మూడేళ్లు పెట్టిన ట్రయల్లో (2023) మామూలు డైట్ వాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మంచి తిండిగా పెట్టండి, మందుగా కాదు.

అసిట్రోమ్‌తో చిక్కంతా ఆకుకూరల్లోని విటమిన్ కె వల్ల, అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. రైతుబజారు నుంచి నాలుగు కట్టలు తెచ్చి రెండు రోజులు కూర, పప్పు, పచ్చడి అన్నీ ఆకుకూరతోనే చేసి, తర్వాత వారమంతా మానేస్తారు చూడండి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) ఊగేది అక్కడే. రోజూ అరకప్పు, ఎప్పుడూ అంతే. ఇప్పటిదాకా తిననివాళ్లయితే డాక్టరుకి చెప్పి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో ఐఎన్ఆర్ చూపించండి.

వండేటప్పుడు కడిగాకే తరగండి. తోటకూర ఉడికించి నీళ్లు పారబోస్తే ఫోలేట్ (ఒక బి విటమిన్), ఫ్లేవనాల్స్ లాంటి పోషకాలు ఆ నీళ్లతోనే పోతాయి. ఆకు చిట్టచివర వేసి మూతపెట్టి ఐదారు నిమిషాలు మగ్గిస్తే చాలు. పచ్చగా ఉండాలని సోడా వేయొద్దు, విటమిన్లు పాడవుతాయి. ఆకుకూరల్లోని లూటీన్ అనే పోషకం ఒంటికి పట్టాలంటే నూనె కావాలి, పోపులో ఒక చెంచా చాలు. కిడ్నీలో రాళ్లుంటే పాలకూర తగ్గించండి, అందులో ఆక్సలేట్లు ఎక్కువ.

జవాబు 3:
వంటింటికంటే ముందు ల్యాబ్‌కి వెళ్లాలండీ. శాకాహారం, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, ఈ రెండూ బి12ని తగ్గిస్తాయి. బి12 లోపం అచ్చం ఇలాంటి మతిమరుపుగానే కనబడుతుంది, కానీ సకాలంలో పట్టుకుంటే సరిచేయవచ్చు. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం చేయించండి. బి12 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200-300 మధ్య వస్తే బి12 లోపాన్ని తేల్చే హోమోసిస్టీన్ అనే రక్తపరీక్ష కూడా చూడమని అడగండి. హిమోగ్లోబిన్ బాగుందని వదిలేయకండి, రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. బి12 తేలేదాకా ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు. వాటితో రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాల జబ్బు మాత్రం ముదురుతూనే ఉంటుంది.